కిటికీ లోపలి నుంచి: మిషనరీ బడిలో పిల్లల్ని చేర్పించడం ఎలా

మా దివిసీమలో టై కట్టుకుని, బూట్లు తొడుక్కుని వెళ్ళే ప్రతి బడీ కాన్వెంటే. నడిపేది ఎరువుల కొట్టు యజమాని అయినా, బోర్డు మీద సరస్వతీదేవి బొమ్మ ఉన్నా జనం నోట్లో అది కాన్వెంటే. కాన్వెంటు అంటే క్రైస్తవ సన్యాసినులు ఉండే మఠమని నాకు తెలిసింది హైదరాబాదు వచ్చి, ఒక క్యాథలిక్ బడి ఆఫీసులో గుమాస్తాగా చేరాక. ముప్పయ్యొక్క ఏళ్ళు అక్కడే పనిచేసి రిటైరయ్యాను. బడి పేరు మాత్రం అడగకండి. దరఖాస్తులు తీసుకునే కిటికీకి తల్లిదండ్రులు అవతల, నేను ఇవతల. ఇన్నేళ్ళలో అవతలివాళ్ళు చేసిన పొరపాట్లే మళ్ళీ మళ్ళీ చూశాను. వాటి గురించే ఈ రాత.

మొదట బడి చరిత్ర తెలుసుకోండి. వార్షికోత్సవం ఉపన్యాసంలో చెప్పుకోవడానికి కాదు. దరఖాస్తు ఫారంలో మీకు అంతుబట్టని ప్రతి గడి వెనకా ఒక పాత కారణం ఉంటుంది. అది తెలిస్తే మీకు ఆ బడిలో సీటు వచ్చే వీలు ఎంతో ఫారం కొనకముందే అంచనా వేసుకోవచ్చు.

పేరు చూసి మోసపోవద్దు. బోర్డు మీద 'సెయింట్' అని రాసుకున్న బడులు వీధికొకటి ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఏ చర్చితోనూ సంబంధం లేదు. పేరులో పవిత్రత ఉంటే ఫీజు వసూలవుతుందని పెట్టుకున్నవే. ఇంకోవైపు, పెద్ద పాత భవనం, గడియారం, పచ్చిక మైదానం చూసి బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలునూ మిషనరీ బడి అనుకునేవాళ్ళున్నారు. అది 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం నిజాం ప్రభుత్వం పెట్టిన కాలేజీ. బడిని నడిపే సంస్థ ఏమిటి, అది ఏ డయాసిస్‌దో ఏ సన్యాసుల సభదో ఆఫీసులో అడగండి. డయాసిస్ అంటే ఒక బిషప్పు కింది ప్రాంతం. తడుముకోకుండా జవాబు వస్తే అది మీరు వెతికే బడి.

హైదరాబాదులో ఈ బడులు ఎందుకు పుట్టాయో గుర్తుపెట్టుకోవడం సులువు. ఇటు బ్రిటిష్ ప్రతినిధి ఉండే రెసిడెన్సీ, అటు సికింద్రాబాదు కంటోన్మెంటు. తెల్ల అధికారులు, సైనికులు, వాళ్ళ పిల్లలు, వాళ్ళ చుట్టూ పనిచేసే ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు. 1834లో ఆంగ్లికన్ చర్చివాళ్ళు పెట్టిన సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు అబిడ్స్‌లో ఇప్పటికీ ఉంది. అంతరిక్షంలోకి వెళ్ళిన రాకేశ్ శర్మ అక్కడే చదువుకున్నారు. సైనికుల్లో ఐరిష్‌వాళ్ళు చాలామంది, అంటే క్యాథలిక్కులు. 1855లో ఆల్ సెయింట్స్ హైస్కూలు వచ్చినప్పుడు ఇక్కడి క్యాథలిక్ మిషన్ పెద్ద డేనియల్ మర్ఫీ కూడా ఐర్లండు మనిషే. 1871లో ఇటలీలోని టూరిన్ నుంచి సెయింట్ ఆన్ సిస్టర్లు సికింద్రాబాదు చేరుకున్నారు. 1895లో అమెరికన్ మెథడిస్టుల స్టాన్లీ బాలికల బడి, 1904లో రోజరీ కాన్వెంటు. మొదట్లో ఈ బడులు మన పిల్లల కోసం పెట్టినవి కావు. తరువాత నవాబుల పిల్లలు, వకీళ్ళ పిల్లలు, ఆ తరువాత మనం.

విశాఖపట్నంలోనూ దాదాపు ఇదే కథ. ఇప్పుడు ఫ్రాన్సులో ఉన్న ఆనెసీ పట్టణం నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ ద సేల్స్ సభ ఫాదర్లు 1846లో అక్కడికి వచ్చారు. మరుసటి ఏడాదే, 1847లో, ఇప్పటి సెయింట్ అలోషియస్ ఆంగ్లో ఇండియన్ హైస్కూలు మొదలైంది. పేరులో 'ఆంగ్లో ఇండియన్' అన్న మాట ఊరికే లేదు. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగంలో 337వ అధికరణం రాసుకున్నారు. ఆంగ్లో ఇండియన్ బడులకు పదేళ్ళపాటు ప్రత్యేక గ్రాంట్లు ఇవ్వాలని, అయితే ఏటా చేర్చుకునే సీట్లలో కనీసం 40 శాతం ఇతర వర్గాల పిల్లలకు అందుబాటులో ఉంచిన బడికే ఆ గ్రాంటు హక్కు అని అందులో ఉంది. అలాంటి బడుల తలుపు మామూలు కుటుంబాలకు మరింత తెరుచుకోవడంలో ఆ నిబంధన పాత్ర ఉంది. ఇప్పటికీ కొన్ని ఫారాలలో 'ఆంగ్లో ఇండియనా?' అన్న గడి కనబడుతుంది. మీ అబ్బాయి ఇంగ్లీషు బాగా మాట్లాడతాడని అందులో టిక్కు పెట్టకండి. నవ్వకండి, పెట్టినవాళ్ళున్నారు. తండ్రి వైపు వంశంలో యూరపు మూలం ఉండాలని 366వ అధికరణం స్పష్టంగా చెప్పింది.

మచిలీపట్నం కథ వేరు. మా తాతగారు చెబుతుండగా విన్నది, తరువాత పుస్తకాల్లో సరిచూసుకున్నది. రాబర్ట్ నోబుల్ అనే ఆంగ్లికన్ మిషనరీ 1841లో బందరు వచ్చాడు. తెల్లవాళ్ళ పిల్లల కోసం కాదు, తెలుగు పిల్లల కోసమే 1843 నవంబరులో బడి తెరిచాడు. తెరిచిన రోజు వచ్చింది ఇద్దరు పిల్లలు. మెల్లగా పెరిగింది. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే ఊరు అట్టుడికిపోయింది. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించేశారు, బడి ఖాళీ అయింది. నోబుల్ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మళ్ళీ ఇంగ్లండు వెళ్ళకుండా 1865లో బందరులోనే కన్నుమూశాడు. తరువాత నోబుల్ కాలేజీ అయింది ఆ బడే.

ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, నూట డెబ్బై ఏళ్ళ నాటి ఆ భయంతోనే ఇప్పటికీ కొందరు నా కిటికీ దగ్గరికి వచ్చేవాళ్ళు. గొంతు తగ్గించి, "మా పాపకు మతం ఏమైనా నేర్పుతారా సార్?" అని అడిగేవాళ్ళు. గొంతు తగ్గించాల్సిన పని లేదు, నేరుగానే అడగవచ్చు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడిలోనైనా మైనరు పిల్లలకు సంరక్షకుల అంగీకారం లేకుండా మతబోధ చేయకూడదని 28వ అధికరణంలోని మూడో క్లాజు చెబుతోంది. మా బడిలో క్యాథలిక్ పిల్లలు ఒక గదిలో జ్ఞానోపదేశం తరగతికి వెళ్ళేవాళ్ళు, మిగతా పిల్లలు అదే సమయంలో నీతి పాఠాలకు వెళ్ళేవాళ్ళు. ఉదయం అసెంబ్లీలో ప్రార్థన అందరికీ ఒకటే. అది కూడా మీకు ఇబ్బంది అనిపిస్తే ఆ సంగతి చేర్చకముందే తేల్చుకోండి. జూన్‌లో ఫీజు కట్టి జూలైలో గొడవపడితే నలిగేది పిల్ల.

ఇక సీటు ఎవరికి ముందు ఇస్తారన్న మాట. మతపరమైన, భాషాపరమైన అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను తామే పెట్టుకుని నడుపుకోవచ్చని రాజ్యాంగంలోని 30వ అధికరణం అంటోంది. ఈ బడుల చేర్పుల పద్ధతి అంతా దాని మీదే నిలబడి ఉంది. విద్యాహక్కు చట్టం అల్పసంఖ్యాకుల బడులకు వర్తించదని 2014లో ప్రమతి ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు సరైనదేనా అన్న ప్రశ్నను 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం పెద్ద ధర్మాసనం పరిశీలనకు పంపింది. అది తేలేదాకా పాత తీర్పే. కాబట్టి ఆ చట్టం కింద పేద పిల్లలకు ఇచ్చే 25 శాతం సీట్లు అడగడానికి ఇది చోటు కాదు. ఆ కాగితాలు పట్టుకుని ఎండలో నిలబడినవాళ్ళను చూసి నాకు జాలేసేది. ప్రభుత్వ ఎయిడ్ తీసుకునే విభాగం అయితే సంగతి కొంత మారుతుంది. మతం, కులం, భాష కారణంగా మాత్రమే ఎవరికీ ప్రవేశం నిరాకరించకూడదని 29వ అధికరణంలో ఉంది. అందుకని మీరు చేర్చబోయే తరగతి ఎయిడ్ విభాగంలోదా కాదా అని అడగడం మరవకండి. ఒకే ఆవరణలో రెండూ ఉండే బడులున్నాయి.

మా దగ్గర వరస ఇలా ఉండేది: ముందు ఆ విచారణకు చెందిన క్యాథలిక్కులు, తరువాత ఇతర క్రైస్తవులు, ఆ పైన అన్నో అక్కో అదే బడిలో చదువుతున్న పిల్లలు, సిబ్బంది పిల్లలు, చివరికి మిగిలిన వాళ్ళందరూ. విచారణ అంటే ఒక చర్చి కింది ప్రాంతం. పెళ్ళి బంధుత్వాల్లా ఇందులోనూ శాఖలున్నాయి. క్యాథలిక్ బడికి విచారణకర్త ఫాదరు రాసిన ఉత్తరం కావాలి. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పాస్టరు గారి ఉత్తరం తెచ్చినవాళ్ళు రెండో వరసలోకి వెళతారు. ఆంగ్లికన్లు, వెస్లియన్ మెథడిస్టులు, మరికొందరు కలిసి 1947లో సీఎస్ఐగా ఏర్పడ్డారు. అమెరికన్ మెథడిస్టులు అందులో కలవలేదు. పైకి అన్నీ చర్చిలే, ఉత్తరం దగ్గర మాత్రం ఎవరి లెక్క వారిదే. ఆ ఉత్తరం కూడా ఫారాలు ఇచ్చే వారంలో దొరకదు. ఆదివారాలు చర్చిలో కనబడని కుటుంబానికి ఏ ఫాదరూ తొందరపడి సంతకం చేయడు.

ఇక్కడ ఒక సున్నితమైన విషయం చెప్పాలి, ఎందుకంటే దీని వల్ల నష్టపోయిన కుటుంబాలను చూశాను. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవుల్లో చాలామంది దళిత కుటుంబాలవాళ్ళే. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వు ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులు మాత్రమే ఎస్సీలు. క్రైస్తవంలోకి మారినవారిని బీసీ-సి కింద లెక్కిస్తారు. సీటు కోసం బాప్తిస్మ పత్రం జతచేసి, మతం గడిలో క్రైస్తవం అని రాసి, కులం గడిలో ఎస్సీ అని రాస్తే ఆ రెండు గడులూ ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. పదిహేనేళ్ళ తరువాత ఉద్యోగం దగ్గర ఎవరో పాత రిజిస్టరు తీయిస్తారు. ఆ ఉత్తర్వు న్యాయమా కాదా అంటే నాకూ ఒక అభిప్రాయం ఉంది, కానీ గుమాస్తా అభిప్రాయంతో రిజిస్టరు మారదు. ఫారం నింపకముందు ఇంట్లో పెద్దలు కూర్చుని తేల్చుకోండి. కిటికీ దగ్గర, వెనక నలభై మంది నిలబడి ఉండగా తేల్చుకునే విషయం కాదిది.

అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం పుట్టిన పత్రం. దాని గురించి కాస్త విసిగిస్తాను. నా పుట్టినరోజు శ్రీరామనవమి మర్నాడు. బడి లెక్కలో జూలై 1. మా ఊరి మాస్టారు నా చెయ్యి తల మీదుగా అవతలి చెవిని అందుకుందో లేదో చూసి, అందింది కనుక వయసు వచ్చిందని, వేసవి సెలవుల తరువాత తోచిన తేదీ వేశారు. మా తరం రిజిస్టర్లు తిరగేస్తే ఊళ్ళో పిల్లలంతా జూన్, జూలైలలోనే పుట్టారేమో అనిపిస్తుంది. ఇప్పుడు ఆ వీలు లేదు, మంచిదే. 2023 అక్టోబరు 1న లేదా ఆ తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే చెల్లుతుందని చట్టం మార్చారు. ఆసుపత్రి కాగితం, జాతకం చెల్లవు.

పత్రం ఉంది కదా అని ధీమాగా ఉండకండి, తీసి చూడండి. చాలా పత్రాల్లో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది. బారసాలకు ముందే ఆసుపత్రివాళ్ళు నమోదు చేయించి ఉంటారు, తరువాత ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. నమోదైన ఏడాది లోపు పేరు చేర్పించుకుంటే రుసుము లేదు. ఆ తరువాత పదిహేనేళ్ళ దాకా ఆలస్య రుసుముతో చేర్చవచ్చు. నగరంలో మీసేవకు వెళ్ళండి. ఫారాలు ఇచ్చే నెలలో కాదు, ఈ వారమే.

పేరు ఎలా రాయాలో కూడా అప్పుడే నిర్ణయించుకోండి. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది. ఫారంలో ఇంటిపేరుకు చివరన గడి ఉంటుంది. కొందరు ఇంటిపేరును పొడి అక్షరాలతో సరిపెడతారు, కొందరు తండ్రి పేరును ఇంటిపేరు గడిలో రాస్తారు, ఇంకొందరు వెంకట, సత్య, నాగ, సాయి అన్నీ కలిపి గడులు చాలక అంచు మీద రాస్తారు. పుట్టిన పత్రంలో, ఆధార్‌లో, ఫారంలో ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా, పొడి అక్షరాలు లేకుండా పూర్తిగా రాయండి. లక్ష్మికి ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రూపాలున్నాయో నేను ఒకసారి సరదాకి లెక్కపెట్టాను, ఏడు దాకా వచ్చాయి. పదో తరగతి నామినల్ రోల్, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితా, బోర్డుకు వెళ్ళేలోపు దిద్దుబాటు కొంత సులువు. మెమో చేతికి వచ్చాక పాస్‌పోర్టు కోసం తిరిగే తండ్రులను ఎన్నో వేసవుల్లో చూశాను. సంఖ్యాశాస్త్రం ప్రకారం అదనపు అక్షరం చేర్చాలనుకుంటే అదీ చేరకముందే.

ఆధార్ లేదని బడి ప్రవేశం నిరాకరించకూడదని 2018లో సుప్రీంకోర్టు అంది. ఉంటే మాత్రం ఆఫీసువాళ్ళకు పని తేలిక. పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఆరు, టీకాల కార్డు, రెండో తరగతి, ఆ పైన అయితే పాత బడి టీసీ. పుట్టుమచ్చలు కూడా చూసి ఉంచండి. రిజిస్టరులో గుర్తింపు చిహ్నాల గడి ఒకటి ఉంది, పదో తరగతి దాకా అవే వెళతాయి, రెండు కావాలి. కిటికీ ముందు కంగారుగా పిల్లాడి చొక్కా ఎత్తి వెతికే తల్లులను ఎంతమందిని చూశానో. బట్టలు దాచే చోటివి కాకుండా ముఖం, చేతులు, మెడ మీదివి చూడండి.

వయసు సంగతి. ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలన్నది 2020 జాతీయ విద్యా విధానం లెక్క; దాని ప్రకారం నర్సరీకి మూడు, ఎల్‌కేజీకి నాలుగు, యూకేజీకి అయిదు. ఏ తేదీ నాటికి నిండాలన్నది ఫారం మీదే ఉంటుంది. ఒక్క రోజు తక్కువైనా బతిమాలకండి, మరుసటి ఏడు రండి. మా బడిలో దసరా సెలవులు అయ్యాక నోటీసు బోర్డు మీద తేదీలు పడేవి, సంక్రాంతికల్లా పని ముగిసేది. మార్చిలో మొదటిసారి వచ్చి 'ఇంకా సీట్లున్నాయా?' అనే పెద్దమనుషులకు ప్రతి ఏడూ నా దగ్గర ఒకటే జవాబు.

పిలుపు వస్తే తల్లిదండ్రులిద్దరూ వెళ్ళండి. లోపల కూర్చున్నది ఎవరో తెలుసుకుని వెళితే మంచిది. తెల్ల అంగీలో ఉన్న ప్రతి మగవాడూ ఫాదర్ కాడు. బ్రదర్ల సభలు వేరే ఉన్నాయి, వాళ్ళు పూజ చేసే గురువులు కారు. మా బ్రదర్ ప్రిన్సిపాల్‌ను రోజుకు ఇరవై మంది 'ఫాదర్' అనేవారు, ఆయన దిద్దడం మానేసి చాలా కాలమైంది. పిల్లలకు రంగులు, పండ్లు చూపించి మాట్లాడిస్తారు. జవాబులు బట్టీ పట్టించకండి. ఒక పాపకు ఊదా రంగు సుద్ద చూపించి ఏమిటని సిస్టర్ అడిగితే 'నేరేడు పండు' అంది. తండ్రి తల పట్టుకున్నాడు, సిస్టర్ నవ్వి సంతకం చేశారు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని మిమ్మల్ని అడుగుతారు. తెలుగైతే తెలుగని చెప్పండి. మాతృభాష గడిలో ఇంగ్లీషు అని రాసి, పక్కనున్న భార్యతో అచ్చ తెలుగులో గుసగుసలాడిన దంపతులను చూసి మేమంతా తల వంచుకుని నవ్వుకునేవాళ్ళం.

అప్పుడు మీరూ అడగండి. అబ్బాయి అయితే సిస్టర్ల బడిలో ఎన్నో తరగతి దాకా ఉంచుతారు? చాలా కాన్వెంట్లు మగపిల్లలను ప్రాథమిక తరగతులతో పంపేస్తాయి, అప్పుడు మళ్ళీ ఇదే తంతు. సిలబస్ ఏది? పాత బడుల్లో ఒకప్పుడు సీనియర్ కేంబ్రిడ్జి పరీక్ష ఉండేది. దానికి బదులుగా 1958లో ఏర్పడిన కౌన్సిలే ఇప్పటి ఐసీఎస్‌ఈ నడుపుతోంది. కొన్ని పాత బడులు అటు వెళ్ళాయి, కొన్ని రాష్ట్ర బోర్డులో ఉన్నాయి. తెలంగాణలో ఏ బోర్డయినా 2018 చట్టం ప్రకారం తెలుగు తప్పదు, కాబట్టి తెలుగు తప్పించుకోవడానికే ఐసీఎస్‌ఈ అనుకుంటే శ్రమ వృథా.

గేటు బయట టీ కొట్టు దగ్గర ఒక మనిషి ఉంటాడు. ప్రతి బడి దగ్గరా ఉంటాడు. ఫాదర్ తనకు బాగా తెలుసంటాడు. నాకు తెలిసిన ఒక పెద్దాయన మనవడి కోసం అలాంటి వాడికి పింఛను డబ్బులు ఇచ్చి, జాబితా పెట్టిన రోజు నా కిటికీ ముందు నిలబడి ఏమీ అడగకుండా వెళ్ళిపోయారు. ఆ మనవడి దరఖాస్తు మా ఆఫీసుకు రానేలేదు. సీటు కోసం కాపిటేషన్ ఫీజు పుచ్చుకోవడం 1983 నాటి రాష్ట్ర చట్టం కిందే నేరం. రసీదు లేని రూపాయి ఎవరికీ ఇవ్వకండి, లోపలివాళ్ళు అడిగినా సరే.

జాబితాలో పేరు ఉంటే, ఫీజు కట్టాక అడ్మిషన్ నంబరు అడిగి తీసుకోండి. రసీదు సంఖ్య వేరు, రోల్ నంబరు వేరు, ఇది వేరు. పెద్ద రిజిస్టరులో ఆ పిల్ల వరస సంఖ్య. తెలంగాణలో ఉద్యోగాలకు స్థానికత ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి తేలుతుంది, దానికి స్టడీ సర్టిఫికెట్లు కావాలి. నోటిఫికేషన్ పడిన వారం మా కిటికీ ముందు పాతికేళ్ళ పిల్లలు బారులు తీరేవాళ్ళు. నంబరు చెప్పినవాళ్ళకు పది నిమిషాలు. ఏ సంవత్సరం చేరారో కూడా గుర్తులేనివాళ్ళ కోసం అట్టలు ఊడిన రిజిస్టర్లు దులిపి, తుమ్ముకుంటూ మధ్యాహ్నందాకా వెతికేవాణ్ణి. మా ఇంట్లో బీరువా తలుపు లోపలివైపు మా అమ్మాయి నంబరు 1994లో పెన్సిలుతో రాశాను. దాని కింద ఈ మధ్యనే మనవడిది రాశాను, ఈసారి పెన్నుతో.